గిద్దలూరులో తొట్టి తీసేసిన చోటు

రోడ్ల శాఖలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. అంచనాలు ఎలా వేయాలి, కాంట్రాక్టరుతో ఎలా నెగ్గుకురావాలి అని అడుగుతారు. అవి ఆరు నెలల్లో ఎవరికైనా వస్తాయి. రావడానికి ఏళ్ళు పట్టేది ఇంకొకటుంది. రోడ్డు గీత గీయకముందు ఆ నేల మీద ఎవరెవరు తిరుగుతున్నారో కనిపెట్టడం. నాకది రావడానికి పాపం ఒక డ్రైవరు చెయ్యి నలిగిపోయింది. ఆ కథ చెబుతాను. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గవి మహా అయితే రెండో మూడో సంగతులు. వాటిలో ఇది మొదటిది.

ఊరూ కొండా

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నన్ను గిద్దలూరులో ఓవర్సీరుగా వేశారు. ఆ తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. మాది హనుమంతునిపాడు వైపు మెట్ట పల్లె. చుట్టూ ఎర్రనేల, దూరంగా ఒకటో రెండో బోడిగుట్టలు తప్ప నేను పెద్ద అడవి చూసి ఎరగను. గిద్దలూరులో దిగిన మర్నాడు పొద్దున తలుపు తీస్తే పడమటి దిక్కంతా నీలంగా ఉంది. మబ్బనుకున్నాను. కాసేపటికి ఎండ తగిలి ఆ నీలంలో చెట్లు విడివిడిగా కనబడసాగాయి. అది నల్లమల. ఊరి చివరి ఇంటికీ అడవి మొదటి చెట్టుకూ మధ్య కొద్దిపాటి బీడు మాత్రమే ఉండేది. ఊళ్ళో ముసలివాళ్ళు కొండను కూడా ఒక వీధి లెక్కన చెప్పేవాళ్ళు. "కొండలోకి పోయినాడు" అనేవాళ్ళు, "బజారుకు పోయినాడు" అన్నంత తేలిగ్గా.

ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ కాస్త మత్తుగా ఉంటుంది. కాగే తారు వాసన, విప్పపూల వాసన కలిసి వచ్చేవి. రోలరు బొగ్గుపొగ కొండ వైపు పోయి అక్కడి మసకలో కలిసిపోయేది. ఏది మనం చేసిన పొగో, ఏది కొండదో తెలిసేది కాదు.

పని మాత్రం తొందర పని. నంద్యాల వైపు ఘాట్ రోడ్డు మీద బస్సులు పెరిగాయి. ఊళ్ళో రోడ్డు మాత్రం ఎడ్లబండ్ల కాలంనాటిది. ఆ బస్సులు జనానికి ఎంత అవసరమో నేను కళ్ళారా చూశాను. రాచర్ల దగ్గరి పల్లె నుంచి ఒక గర్భిణిని మంచం మీద మోసుకొచ్చి బస్సెక్కించారు. ఘాట్ దాటి నంద్యాల ఆసుపత్రికి చేరింది కాబట్టి తల్లీ బిడ్డా దక్కారు. రోడ్డు వద్దనేవాళ్ళు ముందు ఆ మంచం మోసినవాళ్ళ భుజాలు చూడాలి. ఈ మాట ఎందుకంటున్నానంటే, నేను చెప్పబోయేది రోడ్డుకు వ్యతిరేకమని ఎవరూ అనుకోకూడదు.

మరియమ్మ అడిగిన మాట

ఊరి పడమటి చివర, రోడ్డును ఆనుకుని ఒక బావి, దాని పక్కన పొడవాటి రాతి తొట్టి ఉండేవి. ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు. బావిలో నీళ్ళు తోడుకున్నవాళ్ళు రెండు బిందెలు తొట్టిలో పోసి పోవడం ఊరి ఆనవాయితీ. బండ్లెద్దులు అక్కడ ఆగి తాగేవి. రెండు బండ్లు ఆగాయంటే బస్సు కదలడానికి లేదు. హారన్లు, తిట్లు, బెదిరిన ఎద్దులు. మా అసిస్టెంటు ఇంజనీరు గారు ఒకరోజు జీపులో వచ్చి ఆ రద్దీలో చాలాసేపు ఇరుక్కుపోయారు.

దిగి తొట్టిని చేతికర్రతో తట్టి, "ఇది తీసేయించు. పది రోజుల్లో ఇక్కడ రోలరు తిరగాలి" అన్నారు.

ఆయన గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు కాదు. తన కింద పనిచేసేవాళ్ళకు జ్వరం వస్తే మందు పంపేవాడు. అయితే రోడ్డును ఆయన ఎప్పుడూ జీపులోంచే చూశాడు. జీపు ముందు అద్దంలోంచి చూస్తే రోడ్డుకు రెండే కొసలుంటాయి, పక్కలుండవు.

కంకర కొట్టే ఆడవాళ్ళలో మరియమ్మ అని ఒకామె ఉండేది. ఊరి పక్క పల్లెలో క్రైస్తవుల వాడ ఆమెది. నడివయసు మనిషి. తెల్లారకముందే అందరికంటే ముందు పనిలోకి వచ్చేది, ఎండ ముదరకముందే తన కుప్ప కొట్టేసుకునేది. తొట్టి తీయడానికి గడ్డపారలు తెప్పిస్తుంటే నా దగ్గరికి వచ్చింది.

"ఓవర్సీరయ్యా, తొట్టి తీసేస్తే పొద్దున్నే వచ్చేవి యాడ తాగల్ల?"

"చెరువు కింద గుంట ఉంది కదక్కా. బండ్లు అటు మళ్ళించమని చెప్పినాను" అన్నాను.

ఆమె నా మొహం వైపు ఒక్క క్షణం చూసింది. "బండ్లు కాదయ్యా" అని ఏదో చెప్పబోయింది. ఇంతలో మేస్త్రీ పిలిచాడు. నేను వెళ్ళిపోయాను.

నా మొత్తం ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ వెళ్ళిపోవడమే. కొలతల్లో తప్పులు చేశాను, ఒకసారి ఒక తూము మట్టం తలకిందులు చేశాను. అవన్నీ దిద్దుకోగలిగాను. పనిచేసే మనిషి ఒక మాట సగంలో ఉండగా వెనుదిరిగిపోవడాన్ని మాత్రం దిద్దుకోలేకపోయాను.

తొట్టి సాయంత్రానికల్లా లేచిపోయింది. రాళ్ళు పక్కన పేర్చాం. బావికి గోడ కట్టి, నీళ్ళు తోడుకోవడానికి వెనక వైపు దారి పెట్టాం. తొట్టి ఉన్న చోట కంకర పరిచి, ఎర్రమట్టి చల్లి, నీళ్ళు పోసి రోలరుతో తొక్కించాం. మిగిలిన కంకర కుప్ప రోడ్డు అంచున ఉండిపోయింది. దాని దగ్గర ఎర్రగుడ్డ కట్టిన లాంతరు పెట్టాలని నియమం. లాంతర్లన్నీ బజారులో పనిచేసే చోట ఉన్నాయి. రేపు తెప్పిద్దామనుకున్నాను.

తడి కంకర

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కొండలో సెలయేళ్ళన్నీ ఎండిపోయాయని పశువులు కాసేవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. వింటూనే ఉన్నాను. విన్నదాన్ని నా పనితో కలిపి ఆలోచించలేదు.

తొట్టి తీసిన నాలుగో రోజు, తెల్లవారుతుండగా మట్టాలు చూసుకుందామని అటు వెళ్ళాను. తూర్పున వెలుగు రేఖ వచ్చింది గానీ నేల మీదికి ఇంకా దిగలేదు. అంతా బూడిద రంగులో ఉంది. రోడ్డు మధ్య ఏవో నిలబడి ఉన్నాయి. మొదట ఎవరో ఆవుదూడల్ని వదిలేశారనుకున్నాను. నాలుగడుగులు వేశాక వాటి ఒంటి మీద తెల్లచుక్కలు కనిపించాయి.

దుప్పులు. ఏడో ఎనిమిదో ఉంటాయి. ముందురోజు సాయంత్రం మేము నీళ్ళు పోసి తొక్కించిన కంకర ఇంకా తడారలేదు. అవి తల వంచి ఆ తడిని నాకుతున్నాయి. నాలుక రాళ్ళకు రాసుకునే చప్పుడు తప్ప ఊళ్ళో ఇంకే అలికిడీ లేదు. సరిగ్గా తొట్టి ఉన్న కొలతలోనే, అటూ ఇటూ వరుసగా నిలబడ్డాయి. ఎన్ని తరాలుగా వస్తున్నాయో, తొట్టి లేకపోయినా దాని అంచు అక్కడే ఉన్నట్టు. నేను ఊపిరి బిగబట్టాను. ఒక దుప్పి తలెత్తి నా వైపు చూసింది. కోపం లేదు, భయం కూడా అంతగా లేదు. దాహంతో ఉన్న దానికి భయపడే ఓపిక ఉండదని అప్పుడు తెలిసింది. మా పల్లెలో ఎండాకాలం మా నాయన పశువుల కళ్ళలో నేను చూసిన చూపే అది.

ఎంతసేపు అలా నిలబడ్డానో చెప్పలేను. బజారు వైపు నుంచి మొదటి బస్సు మోత వినిపించింది.

చెయ్యెత్తి అరిచాను. బస్సు మలుపు తిరిగి నేరుగా వాటి మీదికి వచ్చింది. డ్రైవరు ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. దుప్పులు చెల్లాచెదరై బీడులోకి దూకి మాయమయ్యాయి. బస్సు మా కంకర కుప్ప ఎక్కి, ఒక పక్కకు ఒరిగి, బావిగోడను ఆనుకుని ఆగింది.

లోపలున్నవాళ్ళకు దెబ్బలు తగిలాయి గానీ ప్రాణభయం లేదు. డ్రైవరు మస్తాన్ కుడిచెయ్యి తలుపుకూ గోడకూ మధ్య నలిగింది. బయటికి తీస్తే ఆయన మొదట అడిగిన మాట, "ఏమన్నా తగిల్నాయా వాటికి?"

అప్పటికి మరియమ్మ పనిలోకి వచ్చి ఉంది. తన కొంగు చింపి ఆయన చేతికి కట్టింది.

లాంతరు ఉన్నదని రాశాను

బస్సు ఒక ప్రైవేటు యజమానిది. మస్తాన్ నిద్రమత్తులో నడిపాడని ఆయన ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు లైసెన్సు పట్టుకుపోయారు. విచారణకు అధికారి వస్తున్నాడని తెలిసి మా ఏ.ఈ. గారు నన్ను పిలిపించారు.

"కుప్ప రోడ్డు హద్దు బయట ఉంది, లాంతరు వెలుగుతోంది అని రాసివ్వు. శాఖ మీద మచ్చ పడకూడదు. నీకింకా ఉద్యోగం ఖాయం కూడా కాలేదు" అన్నారు. బెదిరించినట్టు అనలేదు. నా మేలుకోరే అన్నారు.

రాసిచ్చాను. నా చేత్తోనే రాశాను. లాంతరు ఉంది, వెలుగుతోంది అని.

రెండు రోజులకు మస్తాన్‌ను చూడడానికి ఆయన ఇంటికి వెళ్ళాను. బాదం చెట్టు నీడలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి మెడకు వేలాడదీసి ఉంది. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో అన్నా. నొప్పి ఎట్ల ఉంది?"

"ఉంది సారూ. పోతాది లే." మెడకట్టు సర్దుకుని, "విచారణ సారు వచ్చి పోయినాడు. లాంతరు ఉండింది గదా, చూడలేదా అని అడిగినాడు. నాకు కనపడలేదు అన్నాను. మీరు రాసిచ్చినారంట గదా, ఉండిందని" అన్నాడు.

మస్తానే మళ్ళీ అందుకున్నాడు.

"మీరు రాసినారంటే ఉండే ఉంటాది సారూ. నేను దుప్పుల్నే చూస్తా ఉండినా. అవి తప్ప ఇంకేం కనపడలా. నాదే తప్పయి ఉంటాది" అన్నాడు.

ఆయన మాటల్లో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తన కళ్ళను కాదని నా కాగితాన్ని నమ్మాడు. తిడితే తట్టుకుని ఉండేవాణ్ణి. ఈ నమ్మకాన్ని తట్టుకోలేకపోయాను. ఆయన భార్య ఇచ్చిన టీ సగం తాగి లేచాను. తిన్నగా విచారణ అధికారి దిగిన బంగళాకు నడిచాను. దారిలో రెండుసార్లు ఆగాను. వెనక్కి పోదామని కూడా అనిపించింది. ధైర్యవంతుణ్ణని చెప్పుకోను.

"అయ్యా, నేను రాసింది అబద్ధం. లాంతరు లేదు. కుప్ప రోడ్డు మీదే ఉంది. అక్కడ జంతువులు నీళ్ళకు వస్తాయని ఒకామె చెప్పబోతే వినిపించుకోకుండా తొట్టి తీయించింది కూడా నేనే" అన్నాను.

అధికారి నా పాత కాగితం తీసి పక్కన పెట్టాడు. "ఇది రాసిస్తే నీకేమవుతుందో తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. కొత్త కాగితం ముందుకు జరిపాడు.

మస్తాన్ లైసెన్సు తిరిగి వచ్చింది. రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ మడతపడలేదు. పాత యజమాని పనిలోకి రానివ్వలేదు. చాలా నెలలు ఖాళీగా ఉన్నాక మార్కాపురంలో ఇంకొక బస్సు మీద పని దొరికింది. నాకు శిక్షగా మార్కాపురానికి బదిలీ వచ్చింది. ఏ.ఈ. గారు ఆ తర్వాత నాతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. నిజం చెప్పినందుకు అందరూ మెచ్చుకుంటారని మీకెవరైనా చెబితే నమ్మకండి. కంటికి నిద్ర మాత్రం వస్తుంది.

కొత్త తొట్టి

బదిలీకి ముందు నాకు మూడు వారాలు దొరికాయి. మరియమ్మ దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు నువ్వు చెప్పబోయింది ఇప్పుడు చెప్పక్కా" అన్నాను.

ఆమె మాటల్లో చెప్పలేదు. నన్ను బీడులోకి తీసుకుపోయింది. దుప్పులు ఏ పొదల వెనక ఆగి ఊరి అలికిడి వింటాయో, ఏ దారిన దిగుతాయో, డెక్కల గుర్తులు చూపిస్తూ నడిచింది. రోడ్డుకు ఇవతల, కొండ వైపునే ఒక పల్లం ఉంది. "ఈడనే నీళ్ళుంటే అవి రోడ్డు దాకా ఎందుకొస్తాయయ్యా?" అంది. ఇంజనీరింగులో నాకు ఎవరూ ఇంత సూటిగా పాఠం చెప్పలేదు.

తీసేసిన తొట్టి రాళ్ళే బండి మీద తెచ్చి ఆ పల్లంలో కట్టాం. పక్క చేను బాల కొండయ్య అనే రైతుది. గొర్రెలున్నాయి, మోట బావి ఉంది. మోట తోలేటప్పుడు కాస్త నీళ్ళు ఇటు వదలగలవా అని అడిగాను.

కొండయ్య తలగుడ్డ సర్దుకున్నాడు. "రెండు బానలు ఎక్కువ తోడితే నా ఎద్దులు అరిగిపోవులే సామీ. అయితే ఒకటి. నా చేలోకి రాకుండా ఆ పక్క కంప నాటించు."

కంప నాటించాను. వారం దాకా ఏదీ రాలేదు. నేను మార్కాపురం బయలుదేరే రోజు పొద్దున మరియమ్మ కంకర కుప్ప దగ్గర కూర్చుని, తల ఎత్తకుండానే, "నిన్న మూడు వచ్చినాయి" అంది.

మార్కాపురంలో కౌజుపిట్టలు

మార్కాపురంలో నా పైఅధికారి వేరే రకం మనిషి. ముసలాయన, పలకల గనుల మధ్య పెరిగినవాడు. ఏ రోడ్డయినా గీసే ముందు ఆ దారిన నాలుగు పూటలు నడవాలనేవాడు. "పొద్దున ఒక ఊరు, మిట్టమధ్యాహ్నం ఒక ఊరు, సాయంత్రం ఒక ఊరు. నువ్వు ఏ ఊరికి రోడ్డేస్తున్నావో తెలుసుకో" అనేవాడు. నాలుగో పూట ఏ ఊరని అడిగితే, "అది నువ్వు నడిచి చెప్పు" అనేవాడు.

అక్కడ స్టేషను నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డు వెడల్పు చేయాలి. రెండు పక్కలా బ్రహ్మజెముడు కంచెలు. నడుస్తుంటే ఒకవైపు కంచె కింద కౌజుపిట్టలు గుడ్లు పొదుగుతున్నాయి. ముసలాయనతో చెప్పాను. ఆయన నవ్వలేదు. "రెండో పక్క నుంచి మొదలుపెట్టు. ఇవి లేచిపోయాక ఇటు రా" అన్నాడు. అంతే. రోడ్డు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. పని వరుస మార్చామంతే. ఊళ్ళో నాకు కౌజుపిట్టల ఓవర్సీరని పేరొచ్చింది. కాంట్రాక్టరు నా ఎదుటే ఆ పేరుతో పిలిచాడు.

కాని ప్రతిసారీ అలా కుదరదు. అదే రోడ్డు మీద కానుగచెట్ల వరుస కొట్టేయక తప్పలేదు. చిలకలు నెలరోజులు ఆ గాలిలోనే తిరిగాయి. కూర్చోడానికి ఏమీ లేని చోట, ఒకప్పటి కొమ్మల ఎత్తులో. అందరికీ మేలు జరిగిందని నేను చెప్పుకోను. కొన్నిటికి పక్కకు చోటు చూపించగలం, కొన్నిటికి చూపించలేం. చూపించగలిగిన చోట చూపించకపోతే మాత్రం అది మన తప్పే.

మళ్ళీ గిద్దలూరు

మూడేళ్ళ తర్వాత పని మీద గిద్దలూరు వెళ్ళాను. రోడ్డు నల్లగా, నున్నగా ఉంది. బావి దగ్గర బస్సులు ఆగకుండా పోతున్నాయి. ముందురోజే మంచి వాన కురిసింది. బీడంతా పచ్చగా ఉంది. నేను నేరుగా పల్లం వైపు నడిచాను.

తొట్టి నిండా నీళ్ళున్నాయి. వాటి మీద ఆకులు తేలుతున్నాయి. చుట్టూ గడ్డి నలగలేదు. ఒక్క డెక్క గుర్తు కూడా లేదు. రెండు కాకులు అంచు మీద కూర్చుని ఉన్నాయి. మనసు చివుక్కుమంది. ఎవరో వేటాడేశారనుకున్నాను. లేదా ఊరి మోత పెరిగి బెదిరిపోయాయేమో అనుకున్నాను. ఇంత చేసి చివరికి కాకులకు తొట్టి కట్టానా అనిపించింది.

కొండయ్య చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళలో మరియమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి గట్టు మీదికి వచ్చింది. మంచీ చెడూ అయ్యాక అడిగాను.

"దుప్పులు రావడం లేదా అక్కా?"

"రెండేళ్ళాయె, రాలేదయ్యా."

నా మొహం చూసి ఆమెకు నవ్వొచ్చింది. చేతికంటిన మట్టి దులుపుకుంటూ కొండ వైపు చూసింది. వానకు తడిసిన నల్లమల అంతా నీలంగా, దగ్గరగా ఉంది.

"రాకపోతే మంచిదే గదయ్యా. కొండలో నీళ్ళుండాయి" అంది.